పన్నెండింటికి తాళం

ఆ పిల్ల అబద్ధం చెబుతోందని మారిట్‌కి తెలుసు. తెలుసన్న సంగతి ఆ పిల్లకీ తెలిసే ఉంటుంది. అయినా ఇద్దరూ హాస్టల్ ముందుగదిలో ఎదురెదురు సోఫాల్లో కూచుని, అద్దాల తలుపుల్లోంచి, మంచు తోసి గట్లు కట్టిన ఖాళీ రోడ్డు వంక చూస్తూ, రాని కారు కోసం కనిపెట్టుకుని ఉన్నారు. మా పిన్ని వస్తోంది, డులూత్ నుంచి, దారంతా మంచు గాలి అట, కాస్త ఆలస్యమవుతుంది, అంది డార్లా పొద్దున్నే రెండు సంచులూ కిందికి దింపుకుని. కాసేపటికి మళ్ళీ అదే మాట, కాకపోతే ఈసారి ఊరి పేరు డులూత్ కాస్తా బెమిడ్జీ అయింది. మారిట్ అవునా అంది, దారి ఎలా ఉందో ఏమో అంది, ఇంకేం అనాలో తోచక కాఫీ తాగుతావా అంది. డార్లా వద్దంది. ఆ పిల్ల ఒళ్ళో ఊరగాయ సీసా, సీసాలో నీలం తోక చేప ఒకటి, సీసా చుట్టూ తన మెడలో ఉండాల్సిన ఉన్ని మఫ్లర్. గదుల్లో చేపల్ని వదిలి వెళ్ళకూడదు, సెలవులకి ముందు తలుపులకి అంటించిన కాగితంలో ఆ మాట కూడా ఉంది. మారిట్టే అంటించింది.

మారిట్ సోల్‌బర్గ్ ఆ హాస్టల్‌కి వార్డెన్. అంటే పూర్తి వార్డెన్ కాదు, ఇంకా చదువుకుంటున్న వార్డెన్. కింది అంతస్తులో చిన్న ఇల్లు ఇచ్చి, చదువుకి ఫీజు తీసుకోకుండా, దానికి బదులు రెండొందల మంది పిల్లల మంచీ చెడ్డా ఆమె మీద పెట్టింది యూనివర్సిటీ. చదువేమిటంటే, కాలేజీల్లో విద్యార్థుల బాగోగులు చూసే ఆఫీసులు ఎలా నడపాలో నేర్పే చదువు. హాస్టళ్ళు, తగవులు, మత్తులు, ఏడుపులు, దిగులు, అన్నిటికీ ఒక్కో పుస్తకం, ఒక్కో పేపరు. వాళ్ళ నాన్నకి ఆ చదువు పేరు ఇప్పటికీ నోరు తిరగదు. పిల్లల్ని చూసుకోడానికి డిగ్రీ ఎందుకే, అన్నాడాయన బీట్‌రూట్ లారీ టైర్ల కింద మంచు తవ్వుతూ, మనసుండాలి గానీ. అప్పుడు నవ్వింది. మనసొక్కటే సరిపోదు నాన్నా, పద్ధతి తెలియాలి, అంది. ఇప్పుడా మాట గుర్తొస్తే తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తోంది. పద్ధతి తెలిసింది. రెండేళ్ళుగా పద్ధతి తప్ప ఇంకేం తెలియలేదు. పద్ధతి ప్రకారం మధ్యాహ్నం పన్నెండింటికి ఈ హాస్టల్ మూతపడాలి, లోపల మనిషన్నవాడు ఉండకూడదు, హీటర్లు తగ్గించి తాళం వేసి తాళంచెవుల గుత్తి పై అధికారి కెంట్ చేతిలో పెట్టాలి, పెట్టి వాళ్ళింట్లో అందరితో కలిసి భోంచెయ్యాలి. మాంసం, బంగాళాదుంపలు కలిపి ఓవెన్లో కాల్చే హాట్‌డిష్ చేస్తున్నాడట. ప్రతి ఏడూ వాళ్ళమ్మ పద్ధతిలో తనే చేస్తాడట.

పొద్దుట్నించీ అంతస్తులన్నీ తిరిగింది. ప్రతి తలుపూ తట్టి, కిటికీలు బిగించి, ఫ్రిజ్‌ల తీగలు పీకి, మంచాల కింద వంగి చూసి. గదుల నిండా వదిలేసిన వాసన, సగం తిన్న పిజ్జా, ఒంటి మేజోడు, ఆరని తువాలు, ఎవరో అమ్మకని కొని మర్చిపోయిన కొవ్వొత్తి. తలుపుల మీద ఆగస్టులో తను కత్తిరించి అంటించిన కాగితపు ఆకులు, ఒక్కో ఆకు మీద ఒక్కో పేరు, పైన రంగు పెన్నుతో ఇంటికి స్వాగతం. ఇల్లట. ఆగస్టులో పచ్చ చొక్కాలు తొడుక్కుని గడ్డి మీద వరసగా నిలబడి, కార్లలోంచి అట్టపెట్టెలు మోసి, ఏడుస్తున్న తల్లుల భుజాల మీద చెయ్యి వేసి, ఇక ఇదే వాళ్ళ ఇల్లు, మేం చూసుకుంటాం అని చెప్పమన్నారు, చెప్పింది. డార్లా తల్లీ తండ్రీ లేకుండా దిగింది. జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన ఒకావిడ కారు ఇంజను ఆపకుండానే రెండు సంచులు కింద పెట్టి, చెయ్యి ఊపి, వెళ్ళిపోయింది. ఆరో ఏట నుంచి ఆ ఇల్లూ ఈ ఇల్లూ, ప్రభుత్వం డబ్బిచ్చి పెంపకానికి పెట్టిన ఇళ్ళు, పద్దెనిమిది నిండగానే ఆ ఇళ్ళూ ఆగిపోయాయి. మారిట్ ఆ పిల్లకీ అదే మాట చెప్పింది. ఇక ఇదే నీ ఇల్లు, డార్లా. అప్పుడు ఆ పిల్ల మారిట్ మొహంలోకి చూసిన చూపు, నిజంగానే అంటున్నావా లేకపోతే అందరికీ అన్నట్టే అంటున్నావా అని వెతికే చూపు, నాలుగు నెలల తర్వాత ఇవాళ ఇక్కడ, ఈ సోఫాలో, ముల్లులా గుచ్చుకుంటోంది. ఏ ఇల్లు పండక్కి తాళం వేసుకుని మనిషిని మంచులోకి నెడుతుంది? బయట ఊపిరి వదిలితే కనురెప్పల మీద గడ్డ కట్టే చలి. కారు బేటరీలే తట్టుకోలేని చలి.

పోనీ యూనివర్సిటీ అంతా మూతపడుతోందా అంటే అదీ లేదు. ఎదురుగా, కార్లు నిలిపే మైదానం దాటితే, ఐస్ హాకీ వాళ్ళ హాస్టల్. గొట్టాల్లోంచి తెల్లగా ఆవిరి పోస్తోంది. సెలవుల్లో వాళ్ళకి ఆటలున్నాయి కాబట్టి వాళ్ళుంటారు, వాళ్ళకి హీటర్లు నడుస్తాయి, వాళ్ళకి వంటమనిషి వస్తాడు, వాళ్ళ కోసం క్రిస్మస్ చెట్టు కూడా పెట్టారు, దీపాలు ఇక్కడికి కనిపిస్తున్నాయి. బంతి కూడా కాదు, నల్లటి రబ్బరు బిళ్ళని కర్రతో కొట్టగలిగితే నీకు ఇల్లుంది. డార్లాలా రసాయనశాస్త్రంలో క్లాసుకే మొదట నిలిస్తే లేదు. ఈ మాట కెంట్‌తో అనాలనుకుంది, అనలేదు. మూడుసార్లు అడిగింది. మొదటిసారి అక్టోబరులో, వాడిపోని నవ్వుతో, ఒకవేళ ఎవరైనా పిల్లలకి వెళ్ళే చోటు లేకపోతే, అని ఊరికే అడిగినట్టు. రెండోసారి నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ అయ్యాక, పేరు చెప్పి. మూడోసారి పోయిన సోమవారం, అతని ఆఫీసు గది తలుపు మూసి. మూడుసార్లూ కెంట్ కుర్చీ ముందుకి లాక్కుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, తల కాస్త పక్కకి వంచి, నువ్వు చెప్పేది నాకు వినపడుతోంది మారిట్, అన్నాడు. అతనూ ఇదే చదువు చదివాడు, ఇదే తరగతి గదిలో, పదేళ్ళ కిందట. ఇప్పుడు హాస్టళ్ళన్నిటికీ అతనే పెద్ద. అయినా పై అధికారినని అనుకోకు, కెంట్ అనే పిలు అంటాడు. తల పక్కకి వంచడం కూడా నేర్పుతారు. వినపడుతోంది, కానీ ఒకరికి దారి తీస్తే అందరూ వస్తారు. వినపడుతోంది, కానీ సెలవుల్లో ఏదైనా జరిగితే జవాబు చెప్పేదెవరు. వినపడుతోంది, కానీ నువ్వు కూడా నీ హద్దులు చూసుకోవాలి, నువ్వు చాలా అలిసిపోయినట్టున్నావు, నిద్ర పడుతోందా? అలా మూడుసార్లూ డార్లా గురించి అడగడానికి వెళ్ళి, తన నిద్ర గురించి చెప్పి వచ్చింది. ఎంత నేర్పు. తలుపు బయటికి వచ్చేదాకా మోసపోయినట్టే తెలీదు.

తను మాత్రం తక్కువ తిందా? సెప్టెంబరులో, తమకి పాఠాలు చెప్పే డాక్టర్ హ్యూబర్ తన సెమినార్‌కి ఆసరా లేకుండా పెరిగిన విద్యార్థి ఎవరైనా వచ్చి మాట్లాడితే బాగుంటుందంది. వెండి జుట్టు, సన్నటి గొంతు, బోర్డు మీద గుండ్రాలు గీసి వాటిని బాణాలతో కలిపే ఆవిడ. లోపలి గుండ్రం నేను, దాని చుట్టూ నా వాళ్ళు, దాని చుట్టూ కాలేజీ, మనిషి ఈ గుండ్రాల్లో ఇమిడినప్పుడే చదువు నిలుస్తుంది, అని వారం వారం చెప్పే ఆవిడ. మారిట్ డార్లాని అడిగింది, డార్లా సరేనంది. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చి, బల్ల ముందు కూచుని, ఏడు ఇళ్ళ గురించి, ఒక ఇంట్లో ఫ్రిజ్‌కి తాళం ఉండటం గురించి, ఒక ఇంట్లో మాత్రం తనకి సొంత దుప్పటి కొన్నారని, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. పదిమంది మాస్టర్స్ విద్యార్థులు రాసుకున్నారు. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. చివర్న యూనివర్సిటీ బొమ్మ ఉన్న కాఫీ కప్పు ఒకటి చేతిలో పెట్టి చప్పట్లు కొట్టారు. ఆ గదిలో ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికి, డిసెంబరులో ఎక్కడికి వెళ్తావమ్మా అని అడగాలని తోచలేదు. తనకీ తోచలేదు. ఆ రాత్రి బాగా జరిగిందని సంతోషంగా పడుకుంది కూడా. ఇప్పుడు ఎవరి మీద కోపమో తెలిస్తే బాగుండును. ఆవిడ గుండ్రాల మీదా, కెంట్ వంచిన తల మీదా, ఆ కాఫీ కప్పు మీదా, అద్దాల బయట ఏ పాపమూ ఎరగనట్టు మెరుస్తున్న మంచు మీదా. అన్నిటికన్నా ఎక్కువగా, ఈ గదిలో తగిలించిన తన ఫోటో మీద, దాని కింద నవ్వుతూ రాసుకున్న నా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది అన్న మాట మీద.

ఇందుకు కాదు ఈ చదువులోకి వచ్చింది. డిగ్రీ రెండో ఏట, వేరే ఊళ్ళో, వేరే హాస్టల్లో, అమ్మ పోయిన వారానికి తిరిగొచ్చి బట్టలుతికే గదిలో నేల మీద కూచుని లేవలేకపోయింది మారిట్. యంత్రం ఆగిపోయింది, తడి బట్టలు దాన్లోనే ఉన్నాయి, లేచి తియ్యాలంటే ఎక్కడో దూరంగా ఉన్న చేతుల్ని కదపాలన్నట్టు అనిపించింది. అప్పుడు ఆర్లిస్ వచ్చింది. ఆ హాస్టల్ వార్డెన్, యాభై దాటిన మనిషి, లావుపాటి కాళ్ళు, చేతిలో ఎప్పుడూ తాళాల గుత్తి. ఏమైందమ్మా అనలేదు. తడి బట్టలు తీసి ఆరబెట్టే యంత్రంలో వేసి, తన డబ్బులు తనే వేసి, వచ్చి పక్కన నేల మీద కూలబడింది. బట్టలు ఆరేదాకా కూచుంది. ఆరాక ఒక్కోటీ మడతపెట్టింది, లోపలి బట్టలతో సహా. మడతపెడుతూ ఒక్క మాటే అంది: మీ అమ్మ మేజోళ్ళు జతచేసి ముడేసేదా, విడిగా పెట్టేదా? ముడేసేది, అంది మారిట్. అప్పుడు ఏడుపొచ్చింది. ఆ ఆర్లిస్‌లా అవుదామని వచ్చింది ఇక్కడికి. వచ్చాక పుస్తకాల్లో ఆవిడ చేసినదానికి ఒక పేరుందని తెలిసింది, దానికి అయిదు మెట్లున్నాయని తెలిసింది, ఆగస్టు శిక్షణలో మూసిన తలుపుల వెనక ఒకరు ఏడుస్తున్నట్టు నటిస్తే ఇంకొకరు ఓదార్చి చూపించాలని తెలిసింది. మారిట్ ఓదార్చింది. మౌనాన్ని బాగా నిలిపావు, అని మెచ్చుకున్నారు, కాగితం మీద మార్కులు కూడా వేశారు. ఆర్లిస్ మాత్రం ఇప్పుడు విత్తనాల కొట్లో పనిచేస్తోంది. పోయినేడు ఫోన్ చేస్తే, మంచి పనే తల్లీ, గింజ మొలవకపోతే గింజదే తప్పని ఇక్కడెవరూ అనరు, అని నవ్వింది. ఎందుకు మానేశారని అడిగితే, ఒక పిల్ల విషయంలో సంతకం పెట్టమన్నారు, పెట్టాను, మర్నాడు పొద్దున లేవబుద్ధి కాలేదు, అంతకన్నా చెప్పలేదు.

డార్లా సీసా పైకెత్తి చేపని చూసింది. మఫ్లర్ సర్దింది. అద్దాల అవతల ఒక కారు వచ్చింది, ఇద్దరూ మెడలు సాచారు, ఆగకుండా పోయింది. పోతుందని ఇద్దరికీ తెలిసి కూడా మెడలు సాచారు. అది చూసి మారిట్ ఇక ఊరుకోలేకపోయింది.

"డార్లా, మీ పిన్ని పేరేమిటి?"

ఆ పిల్ల అద్దాల వంక తిరిగింది. తర్వాత, నువ్వు వెళ్ళు మారిట్, అంది, నువ్వు భోజనానికి వెళ్ళాలిగా, నేను బయట నిలబడతాను, నువ్వు తాళం వేసుకుని వెళ్ళిపో, పిన్ని వచ్చేస్తుంది. ఎక్కడికి వెళ్తావు, అంది మారిట్. హాస్పిటల్‌కి, అంది డార్లా. ఒంట్లో బాగాలేదా అని మారిట్ లేచి నిలబడితే, ఆ పిల్లకి నవ్వొచ్చింది. కాదు, కూచోడానికి. ఊళ్ళో ఆ పెద్ద హాస్పిటల్ ఉందా, గుండె ఆపరేషన్లు చేసే చోట, పై అంతస్తులో బంధువులు కూచునే గది, అక్కడ రాత్రీ పగలూ ఎవరూ లేపరు. మెత్తటి కుర్చీలు, కాఫీ ఊరికే ఇస్తారు, స్నానాల గది కూడా ఉంది. థాంక్స్‌గివింగ్‌కి అక్కడే ఉన్నాను, అంది. మూడో మనిషి సంగతి చెబుతున్నట్టు చెప్పింది. ఎవరైనా అడిగితే మా నాన్నకి ఆపరేషన్ అని చెప్పేదాన్ని. పండగ రోజున ఒక కుటుంబం గుమ్మడికాయ పై అనే తీపి రొట్టె తెచ్చుకుని నాకూ పెట్టారు, వాళ్ళ ముసలాయన లోపల ఉన్నాడు. వాళ్ళ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని మీ నాన్న పేరేమిటమ్మా, ప్రార్థనలో చెబుతాను అంది. ఏదో ఒక పేరు చెప్పాలిగా, వెర్నన్ అన్నాను. అందరూ చేతులు పట్టుకుని వెర్నన్ కోసం ప్రార్థించారు. నాకూ ఏడుపొచ్చింది, మారిట్, నిజంగా. ఆ రాత్రంతా వెర్నన్‌కి ఎలా ఉందోనని ఆలోచిస్తూ కూచున్నాను. లేని మనిషి కోసం.

థాంక్స్‌గివింగ్ నుంచి పిల్లలు తిరిగొచ్చిన ఆదివారం ఇదే ముందుగదిలో మారిట్ నిలబడి ఒక్కొక్కరినీ పండగ ఎలా జరిగిందని అడిగింది. అడగాలి, అది కూడా పద్ధతే. బాగా జరిగింది, గుమ్మడికాయ పై బాగా తిన్నాను, అంది డార్లా. ఎంత బాగుంది, అంది మారిట్. ఎంత బాగుంది. ఇప్పుడు ఆ మాట నోట్లో ఇసకలా ఉంది. అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి అటూ ఇటూ నడిచింది, కోటు తీసుకుంది, పద, అంది. ఎక్కడికి అంటే, కెంట్ ఇంటికి. అక్కడ అందరూ ఉన్నారు, డాక్టర్ హ్యూబర్ ఉంది, ఆ ఏడ్చినమ్మాయి ఉంది, హాస్టళ్ళ వాళ్ళంతా ఉన్నారు, ప్లేట్లు చేత్తో పట్టుకుని నిలబడి ఉంటారు. నడిమధ్యకి తీసుకెళ్ళి నిలబెడతాను నిన్ను, ఈ వెర్నన్ సంగతి అందరికీ చెప్పు, ఈ హాస్పిటల్ సంగతి చెప్పు, తిన్నది గొంతు దిగుతుందేమో చూద్దాం. మాటలు ఒకదాన్నొకటి తోసుకుని వస్తున్నాయి, చెవులు హోరెత్తుతున్నాయి, కోటు చెయ్యి దొరకక గాలిలో పొడుస్తోంది. అప్పటికే ఊహలో ఆ గది కనిపించింది. ప్లేట్లు ఆగిపోయిన గది. హ్యూబర్ సన్నటి గొంతు మూగబోయిన గది. ఆ ఊహలో ఎంత సుఖం ఉందో, ఒక్క క్షణం దాహం తీరినట్టయింది.

డార్లా లేవలేదు.

"మళ్ళీ కప్పు ఇస్తారా?" అంది.

మారిట్‌కి అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. ఒకసారి నీ క్లాసులో చెప్పానుగా, అంది డార్లా, గొంతు పెంచకుండా, మొదటిసారి కళ్ళలోకి సూటిగా చూస్తూ. ఇప్పుడు వాళ్ళు తింటుంటే చెప్పాలా. నీకు కోపమొచ్చింది, సరే. అది నీది. నీ కోపం తీరడానికి నన్ను మోసుకెళ్ళకు. నాకు కావలసింది వాళ్ళకి సిగ్గు రావడం కాదు, పడుకోడానికి చోటు.

కోటు ఒక చేతికి వేలాడుతూ ఉంది. మారిట్ అలాగే సోఫాలో కూచుంది. చెంపదెబ్బ తిన్నట్టుంది, తినాల్సిన దెబ్బే. తన గదిలోకి తీసుకెళ్దామా అనుకుంది, రెండడుగుల దూరం, ఇంత సోఫా ఉంది. వార్డెన్ ఇంట్లో విద్యార్థిని ఉంచుకోకూడదు, తెలిస్తే ఇల్లూ చదువూ రెండూ పోతాయి. పోతే పోయాయి, అది కాదు ఆపుతున్నది. ఆపుతున్నది ఏమిటంటే, అలా చేస్తే అందరికీ హాయి. కెంట్‌కి హాయి, పన్నెండింటికి హాస్టల్ ఖాళీ అయినట్టే లెక్క. తెలిసినా తెలియనట్టు ఉంటాడు. మారిట్ మంచిది, మనసున్న పిల్ల అంటారు లోలోపల. వాళ్ళు మూసిన తలుపుకి తను దొడ్డిదారి అవుతుంది, ప్రతి హాస్టల్లోనూ తనలాంటి పిచ్చిది ఒకతి రహస్యంగా సోఫా ఇస్తూ ఉంటుంది, దొరికితే పోతుంది, దొరక్కపోతే తలుపు అలాగే మూసుకుంటూనే ఉంటుంది. ఆర్లిస్ కూడా ఇచ్చి ఉంటుంది ఎన్నోసార్లు. చివరికి విత్తనాల కొట్లో తేలింది. లేదు. ఈ పిల్లని బయటికి నెట్టేది ఒక కాగితం కాకూడదు, ఒక నోరు అవ్వాలి.

అప్పుడే ఫోన్ మోగింది. వెనకాల ప్లేట్ల చప్పుడు, ఎవరిదో నవ్వు.

"అయిపోయిందా మారిట్? వచ్చెయ్, చల్లారిపోతోంది."

అవలేదంది. డార్లా ఉందంది. వాళ్ళ పిన్ని వస్తోందన్నావుగా, అన్నాడు కెంట్. పిన్ని లేదంది. నవ్వులు దూరమయ్యాయి, అతను వేరే గదిలోకి నడిచినట్టున్నాడు, తలుపు మూసుకుంది, తర్వాత ఆ గొంతు, పత్తిలా, నువ్వు చెప్పేది నాకు వినపడుతోంది, ఇది నీకు చాలా కష్టంగా ఉందని.

"నాకేం కష్టంగా లేదు కెంట్. నాకు ఇల్లుంది, నాన్న ఎదురుచూస్తున్నాడు. నేను తాళం వెయ్యడం లేదు. వెయ్యాలంటే నువ్వొచ్చి, ఆ పిల్ల ఎదురుగా నిలబడి, బయటికి పొమ్మని నీ నోటితో చెప్పి, అప్పుడు వేసుకో."

అతను చాలా నెమ్మదిగా, మే నెలలో నీ చదువు పూర్తవుతుంది కదా, అన్నాడు. అంతే అన్నాడు. బెదిరింపని ఎవరూ అనలేరు, ఏ కాగితం మీద రాసినా శుభాకాంక్షలానే ఉంటుంది. అవును, పూర్తవుతుంది, అంది మారిట్, ఫోన్ పెట్టేసింది. చదువు పోతే నాన్నకేం చెప్పాలి, ఈ ఇల్లు పోతే ఎక్కడ పడుకోవాలి అన్న ఆలోచన వచ్చి, ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసి, ఎదురుగా ఉన్న పిల్లకి ఆ ఆలోచన ఆరో ఏట నుంచీ ప్రతిరోజూ వస్తూనే ఉంటుందని తట్టి, మళ్ళీ మండింది. డార్లా సోఫాలో కాస్త పక్కకి జరిగింది. అంత ఖాళీ సోఫాలో జరగాల్సిన అవసరమేం లేదు. మారిట్ వెళ్ళి ఆ పక్కన కూచుంది.

కెంట్ వచ్చాడు. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే వచ్చాడు, వేళ్ళకి మంచు అంటుకుని ఉంది, ఎర్ర ముక్కు దుప్పి బొమ్మ ఉన్న పండగ స్వెటర్, మోచేతి దగ్గర పిండి. చెవులు చలికి కందిపోయాయి. అంత కోపంలోనూ మారిట్‌కి అతను పరుగెత్తి వచ్చాడని కనిపించింది, కనిపించకపోతే బాగుండునని కూడా అనిపించింది. చెడ్డవాడైతే ఎంత సులువుగా ఉండేది. అతను డార్లా ఎదురుగా సోఫా అంచున కూచుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించాడు. తల పక్కకి వంగబోయి ఆగింది.

"డార్లా, ముందుగా నేను చెప్పాలనుకుంటున్నదేమిటంటే," అన్నాడు.

డార్లా వింటోంది. సాయం చెయ్యడం లేదు, అడ్డుపడటమూ లేదు, అతని మొహం వంక చూస్తూ వింటోంది. ఆగస్టులో మారిట్ వంక చూసినట్టే. సెలవుల్లో మన హాస్టళ్ళు, అన్నాడు కెంట్. మళ్ళీ ఆగాడు. మారిట్‌కి మాట అందించాలని నాలుక చివరిదాకా వచ్చింది, రెండేళ్ళ అలవాటు, ఇబ్బందిపడే మనిషిని గట్టెక్కించడం. పళ్ళ మధ్య నాలుక నొక్కిపట్టుకుంది. చెప్పు. పొమ్మని చెప్పు. ఒక మనిషి ఇంకో మనిషితో చలిలోకి పొమ్మని చెప్పడం ఎలా ఉంటుందో వినాలి నాకు. ఏ పుస్తకంలో ఉందో ఆ వాక్యం, తీసి చదువు. గోడల్లో హీటరు టకటకమంది. అతను చెప్పలేకపోయాడు. పదేళ్ళుగా తలుపులకి అంటించిన మాట, వందల ఉత్తరాల్లో పంపిన మాట, ఒక్కసారి కూడా ఎవరి మొహం మీదా అనలేదని తెలిసిపోయింది అతని చెవుల్లోకి పాకిన ఎరుపుని చూస్తే. లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి, వీపు ఇటు పెట్టి ఫోన్ చేశాడు. నేను కెంట్‌ని. హాకీ హాస్టల్లో పై అంతస్తు చివరి గది ఖాళీయేనా. అవును, ఒక విద్యార్థిని. సెలవులైపోయేదాకా. తిండి కూడా. సరే, థాంక్స్, నీకూ శుభాకాంక్షలు.

అయిపోయింది. అతని చెప్పుల మీద మంచు ఇంకా కరగలేదు. మారిట్ అనుకుంది, ఇప్పుడు కోపం దిగుతుంది, గెలిచాం కదా, ఏడుపో నవ్వో ఏదో ఒకటి వస్తుంది. రాలేదు. దిగాల్సిన కోపం ఇంకో మెట్టెక్కింది. ఇంతేనా. ఇంత సులువా. ఒక ఫోన్, నాలుగు మాటలు, చివర్న శుభాకాంక్షలు. అక్టోబరులో ఇంతే ఉంది ఈ పని, థాంక్స్‌గివింగ్‌కి ముందు ఇంతే ఉంది, ఆ పిల్ల లేని వెర్నన్ కోసం ఏడుస్తూ ప్లాస్టిక్ గ్లాసులో కాఫీ తాగిన రాత్రి కూడా ఇంతే ఉంది. కష్టమైన పనైతే క్షమించగలిగేది. కొండని కదపాల్సి వస్తే, కదపలేకపోయారులే అనుకునేది. ఏ కొండా లేదు. డార్లాకి ముందు ఎన్ని డిసెంబరుల్లో ఎంతమంది ఏ హాస్పిటల్ కుర్చీల్లో ఏ పేర్లు కల్పించుకుని కూచున్నారో, అందరికీ అడ్డంగా నిలబడింది ఇదే, ఎవరూ చెయ్యని ఒక ఫోన్.

కెంట్ తేలికపడి తిరిగొచ్చాడు. ఊపిరి మామూలైంది, గొంతులోకి మళ్ళీ పత్తి వచ్చింది. మంచి గది, మైదానం కనిపిస్తుంది, అన్నాడు డార్లాతో. చూశావా మారిట్, ముందే ఇంత వివరంగా చెప్పి ఉంటే ఇద్దరం ఇంత ఇబ్బంది పడేవాళ్ళం కాదు, అన్నాడు. మూడుసార్లు చెప్పాను, అంది మారిట్. అతను వినిపించుకోలేదు. ఇది ఈ ఒక్కసారికే, మన ముగ్గురి మధ్యే ఉండనీ, మిగతావాళ్ళకి తెలిస్తే, అని ఆగి, డార్లా వంక చూసి నవ్వాడు. ఆ నవ్వు కాసేపు అలాగే నిలబడింది. దేనికోసమో మారిట్‌కి తెలుసు, థాంక్స్ కోసం. ఆ పిల్ల చెబుతుందేమో, అలవాటు కొద్దీ, ఏడు ఇళ్ళలో ప్రతి ముద్దకీ చెప్పినట్టు.

డార్లా చెప్పలేదు. లేచి కోటు బొత్తాలు పెట్టుకుంది, ఒక్కోటీ, పైదాకా. తర్వాత, ఆ హాస్టల్లో ఖాళీ ఒక్క గదేనా, అని అడిగింది.

"ఎందుకు?" అన్నాడు కెంట్.

"టోబీ ఉన్నాడు. పక్క హాస్టలే. సెలవులయ్యేదాకా బస్ స్టేషన్‌లోనే ఉంటానన్నాడు పొద్దున."

"టోబీ ఎవరు?" అంది మారిట్.

"హాస్పిటల్లో పరిచయమయ్యాడు, మూడో రోజున. వాళ్ళమ్మకి ఆపరేషన్ అన్నాడు," అంది డార్లా. "నేను నమ్మేశాను."

కెంట్ ఫోన్ జేబులో పెట్టుకోబోతున్నాడు.

"పెట్టకు," అంది మారిట్.

అతని చెయ్యి జేబు దగ్గరే ఆగిపోయింది. మారిట్ లేచి నిలబడింది.